పేరు లేని కేసు

పోయినవారం సుహాసిని చేతిలో నీళ్ల గ్లాసు పెట్టి మనం తప్పుకున్నాం. పాపం, ఆమె ఇంకా అలాగే నిలబడి ఉంది. ఆలస్యం చెయ్యకుండా చిక్కడపల్లి సందులోకి, ఆ మేడమీది హాల్లోకి పోదాం పదండి.

మర్చిపోయినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. జంటనగరాల థైరాయిడ్ వైద్యుల సంఘానికి ఈ ఏడాదితో పాతికేళ్లు నిండుతున్నాయి. ఆ సంబరం కింద బస్తీ బస్తీకీ పోయి మెడ పరీక్షల శిబిరాలు పెట్టాలని తీర్మానం చేశారు. శిబిరాల్లో సాయం చెయ్యబోయే ఆశా కార్యకర్తలకు మెడ ఎలా పట్టి చూడాలో నేర్పే పని కార్యదర్శి డాక్టర్ సుహాసిని నెత్తిన పడింది. నమూనాకి మెడ ఇస్తానన్న మొగిలయ్య అనే పాత పేషెంటు రాలేదు, ఫోనెత్తలేదు. అప్పుడు సంఘం అధ్యక్షులు డాక్టర్ రామచంద్రరావు గారు ముందు వరసలోంచి లేచారు. కుర్చీ తనే లాక్కుని హాలు మధ్యలో కూర్చున్నారు. చొక్కా పై బొత్తాం విప్పి, "నా మెడ లేదూ? కానియ్యి" అన్నారు.

ఈయన సుహాసినికి గురువు. అది చాలదన్నట్టు మామగారు కూడా. సంఘంలో సార్, ఇంట్లో మామయ్య. పెళ్లయిన నాటినుంచీ ఆమె ఈ రెండు పిలుపుల్నీ ఒకదానితో ఒకటి కలవనివ్వలేదు. ఇవాళ కలిపేస్తుంది, చూస్తూ ఉండండి.

సరిగ్గా చెయ్యి వెయ్యబోతుండగా భర్త మురళీకృష్ణ దగ్గర్నుంచి ఫోన్.

"సుహా, భోజనానికి వస్తావా, రావా? మనీష ఆకలంటోంది." గొంతు జీరబోయి సగం మాటలు వినపడటం లేదు. అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లో చరిత్ర చెప్పే మనిషి. వందలమంది పిల్లల ముందు అరిచి అరిచి నెల్నాళ్లుగా ఇదే గొంతు.

"మీరు తినెయ్యండి, నేనొచ్చేస్తా. ముందు నువ్వు ఉప్పునీళ్లు పుక్కిలించు" అని పెట్టేసింది. నెల్నాళ్లుగా ఆమె చెప్తున్న వైద్యమూ అదే.

"ఇలా చూడండమ్మా అందరూ" అని రామచంద్రరావు గారి వెనక్కి వెళ్లి నిలబడింది. "మనిషికి వెనక నిలబడాలి. రెండు చేతుల వేళ్లూ ముందుకి, గొంతులో పొడుచుకొచ్చిన ఎముకకి కాస్త కింద. గట్టిగా నొక్కకూడదు. ఒక గుక్క నీళ్లు నోట్లో పట్టమనాలి. మనం చెప్పాక మింగమనాలి. మింగితే గ్రంథి పైకి లేస్తుంది. గడ్డ ఉంటే అప్పుడే వేళ్లకి దొరుకుతుంది."

ముందు కూర్చున్న ఆశా కార్యకర్త అంబిక చెయ్యెత్తింది. కవాడిగూడ బస్తీలో ఆమెకు తెలియని గడప లేదు. "మేడమ్, ఎనకనుంచి గట్ల పట్టుకుంటే గొంతు పిసుకుతున్నరని పరేషాన్ కారా? మా దిక్కు ముసలోళ్లయితే లొల్లి లొల్లి జేస్తరు."

హాలంతా నవ్వింది. మెడ ఆపరేషన్లలో చెయ్యి తిరిగిన డాక్టర్ పవన్‌కుమార్ వెనకనుంచి అందుకున్నాడు. "ముందే చెప్పాలి అంబికా, 'నేను మీ కోడల్ని కాదు' అని. పాపం మన సారుకి ఆ ధైర్యం కూడా లేదు. పట్టుకుంది సొంత కోడలే!"

రామచంద్రరావు గారు కూడా నవ్వి, గుక్క నీళ్లు నోట్లో పట్టారు. ఆ హాల్లో ఆ పూట అదే చివరి మనసారా నవ్వు, సుహాసిని మటుకు.

"ఇంకో ముఖ్యమైన మాట. చేతికి ఏది తగిలితే అది అక్కడికక్కడే పైకి చెప్పాలి. లోపల దాచుకోకూడదు. ఇది మన సార్ పెట్టిన నియమం. మింగండి సార్."

మింగారు.

"ఎడమవైపు మెత్తగా, సమంగా ఉంది. కుడివైపు..."

కుడివైపు చేతికి కుంకుడు గింజ తగిలింది. అంత గట్టిగా, అంత నున్నగా ఉంది. మింగినప్పుడు వేళ్ల కిందనుంచి పైకి జారి, మళ్లీ వచ్చి కూర్చుంది. సుహాసినికి ముందు నమ్మకం కలగలేదు. తన వేళ్ల తప్పేమో అనుకుంది. "ఇంకో గుక్క సార్" అంది. ఇంకోసారి అదే. ఈసారి చూపుడు వేలు కాస్త పక్కకి పోయింది. అక్కడ కండ కింద మరో గింజ, చిన్నది. అది మింగినా కదల్లేదు.

ఇన్నేళ్లలో ఎన్ని వేల మెడలు చూసిందో ఆమెకే లెక్క తెలీదు. కదిలే గింజంటే ఏమిటో, దాని పక్కన కదలని గింజంటే ఏమిటో తెలియకపోవడానికి ఆమె అంబిక కాదు. గడ్డ గ్రంథి దాటి పక్కకి పాకిందన్న మాట.

"కుడివైపు ఏమున్నది మేడమ్?" అంది అంబిక, పాఠం వదలకుండా.

"కుడివైపు కూడా... బాగానే ఉంది."

డాక్టర్ సుహాసిని పేషెంటు మెడ మీద చెయ్యి పెట్టి ఆడిన మొట్టమొదటి అబద్ధం ఇది.

"మరి మీ చెయ్యేంది, గట్ల వణుకుతున్నది?"

"ఏసీ చల్లగా ఉంది కదా" అనేసింది. ఆ హాల్లో ఏసీ పాడై వారమైంది. అంబిక తలెత్తి గిరగిరా తిరుగుతున్న ఫ్యాన్ వైపు చూసింది, పెద్ద డాక్టరమ్మతో మనకెందుకులే అని ఊరుకుంది.

పవన్‌కుమార్ చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. "సార్, మేం సర్జన్లం ఎలా చూస్తామో నేనూ ఒకసారి చూపిస్తా."

"వద్దయ్యా. ఒక మెడ మీద ఇద్దరు డాక్టర్లు పడితే మెడ మిగలదు" అని రామచంద్రరావు గారు బొత్తాం పెట్టేసుకున్నారు. జనం మళ్లీ నవ్వారు. సుహాసిని మాత్రం ఆయన వేళ్లనే చూస్తోంది. బొత్తాం పెట్టుకోవడంలో తడబాటు లేదు. వెనక్కి తిరిగి ఆమె కళ్లలోకి ఒక్క క్షణం చూశారు. ఆ చూపులో ఆశ్చర్యం లేదు. ఓరి భగవంతుడా, ఈయనకి తెలుసు!

తర్వాత ఆయన మైకు దగ్గరికి వెళ్లి సంఘం సంగతులు వరసగా చెప్పారు. ఈ నెల్లో కవాడిగూడ, బాగ్ లింగంపల్లి శిబిరాలు. పుట్టిన ప్రతి బిడ్డకీ మడమ దగ్గర రక్తపు చుక్క తీసి థైరాయిడ్ పరీక్ష చేయించే ఏర్పాటు, దానికోసం ప్రసూతి ఆసుపత్రులతో మాటలు. శీతాకాలంలో నారాయణగూడ హాల్లో రజతోత్సవ సభ, దేశం నలుమూలల నుంచీ నిపుణులు. "ఆ సభలోనే నేను దిగిపోయి అధ్యక్ష పదవి డాక్టర్ సుహాసినికి అప్పగిస్తాను" అన్నారు. చప్పట్లు మోగాయి. ఇన్నేళ్లు ఆమె ఎదురుచూసిన మాట అది. తీరా వచ్చినప్పుడు చెవిన పడనే లేదు. పక్కనున్నావిడ మోచేత్తో పొడిస్తే లేచి, ఎందుకు దండం పెడుతోందో తెలియకుండా దండం పెట్టింది.

*

సమావేశం ముగిసి టీలు మొదలవగానే రామచంద్రరావు గారు పక్కగదిలోకి వెళ్లారు. సుహాసిని ఆయన వెనకే వెళ్లి తలుపు వేసింది. గదినిండా విరిగిన కుర్చీలు. బల్లమీద శిబిరాల కోసం కొత్తగా అచ్చయి వచ్చిన బ్యానర్ పరిచి ఉంది. అందులో నవ్వుతున్న రామచంద్రరావు గారి బొమ్మ, కింద పెద్ద అక్షరాలతో 'మీ మెడ మీరు చూపించుకున్నారా?' అని. అది చూసేసరికి ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఎప్పట్నుంచి సార్?"

"కూర్చో అమ్మాయ్."

"కూర్చోను. ఎప్పట్నుంచి?"

"పోయినేడు వానల్లో. గడ్డం గీసుకుంటుంటే చేతికి తగిలింది. అప్పుడు చిన్నదే, బఠాణీ గింజంత."

"ఏడాది! ఏడాదిగా మెడలో పెట్టుకు తిరుగుతున్నారా? ఎవరికి చూపించారు?"

"మీకే."

"మాకెప్పుడు చూపించారు?"

"మీ అందరికీ. దసరా వెళ్లాక పెట్టుకున్న సమావేశం గుర్తుందా? ఆ పూట పేరు లేని కేసు."

సుహాసినికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ వెతుక్కుని కూలబడింది.

పేరు లేని కేసంటే ఏమిటో మీకు చెప్పాలి. ఈ సంఘంలో అదొక ఆనవాయితీ. ప్రతి సమావేశం చివర ఎవరో ఒక డాక్టరు తనకు ఎటూ తేలని కేసు ఒకటి పట్టుకొస్తాడు. పేషెంటు పేరు చెప్పడు, ఊరు చెప్పడు. వయసు, పరీక్షలు, ఫొటోలు, అంతే. గంటసేపు వాదించుకుంటారు. చివర చేతులెత్తుతారు. ఎక్కువమంది ఏమంటే ఆ వైద్యం చేస్తారు. పేరు తెలిస్తే జాలి అడ్డొస్తుంది, భయం అడ్డొస్తుంది, అందుకే పేరు వద్దని ఈ పద్ధతి పెట్టింది సాక్షాత్తూ రామచంద్రరావు గారే.

ఆ రోజు ఆయన తెచ్చిన కేసు ఆమెకు ఇప్పుడు కళ్లకి కట్టింది. డెబ్భై దాటిన పెద్దమనిషి, చిన్న గడ్డ, సూది పెట్టి తీసిన పరీక్షలో ఎటూ తేలలేదు. పవన్‌కుమార్ లేచి, తీసెయ్యడమే మంచిదన్నాడు. సుహాసిని ఊరుకుందా? ఊరుకోలేదు. లేచి దంచేసింది. ఈ వయసులో కత్తి పెడితే మాట పోవచ్చు, ఇలాంటి గడ్డలు చాలామందిలో ఏళ్ల తరబడి అలాగే పడుంటాయి, అప్పుడప్పుడూ స్కానింగ్ చేసి కనిపెట్టుకుంటే చాలు అంది. "ఆ పెద్దాయన్ని ప్రశాంతంగా బతకనివ్వండి పవన్ గారూ!" అని కూడా అంది. అందరూ చప్పట్లు కొట్టారు. చేతులెత్తమంటే మొదట లేచిన చెయ్యి ఆమెదే.

"ఆపరేషన్ వద్దని... మీకు చెప్పింది నేనా?"

"సంఘం చెప్పింది."

"సంఘం కాదు, నేను! నా నోటితో నేను! అయ్యో, నా చేతులు విరిగిపోను, నేనే కదా ముందు ఎత్తింది!"

"నీ తప్పేం లేదు. నేను చెప్పినదాన్ని బట్టి నువ్వు చెప్పింది సరైన వైద్యమే."

ఆ 'చెప్పినదాన్ని బట్టి' దగ్గర ఆమె టక్కున తలెత్తింది.

"ఉండండి. ఆ రోజు నేనొక ప్రశ్న అడిగాను. వాళ్లింట్లో ఇంకెవరికైనా మెడ గడ్డ ఉందా అని అడిగాను. మీరు లేదన్నారు."

రామచంద్రరావు గారు కిటికీలోంచి బయటికి చూశారు. మెట్రో రైలు పోయిన చప్పుడుకి కిటికీ తలుపులు అదిరి ఆగాయి.

"సార్, మిమ్మల్నే. మీ అక్కయ్య మాటేమిటి?"

ఆ అక్కయ్య కథ సంఘంలో తెలియనివాళ్లు లేరు. ఉయ్యూరు దగ్గర పల్లెలో, గొంతు గడ్డతో, పాతికేళ్లు నిండకుండానే పోయింది. ఆమె కోసమే ఈ వైద్యంలోకి వచ్చానని ఆయన ప్రతి సభలోనూ చెప్పుకుంటారు.

"అదే కదా అమ్మాయ్ చిక్కు. అక్కకి ఉందని ఒక్క ముక్క అంటే హాలంతా నా మెడ వంకే తిరిగేది. పేరు లేని కేసుకి పేరొచ్చేసేది. అక్కది ఉప్పులో అయోడిన్ లేక వచ్చే మామూలు గడ్డేనని సర్దిచెప్పుకున్నాను. యాభై ఏళ్లుగా అలాగే నమ్ముతున్నాను. నమ్మితే హాయిగా ఉండేది."

"హాయిగానా! మీ దగ్గర ఎవరైనా పేషెంటు ఇలా దాస్తే మీరేం చేస్తారు? గది బయటికి వినపడేలా తిట్టరూ? మాకందరికీ మెడలు చూడ్డం నేర్పిన మనిషి, ఇంట్లో పొద్దున్న లేస్తే పక్కపక్కన కూర్చుని కాఫీ తాగే మనిషి... మీరసలు డాక్టరేనా మామయ్యా?"

సంఘం గోడల మధ్య ఆమె నోట 'మామయ్యా' రావడం ఇదే మొదలు. ఆయన ఉలిక్కిపడ్డారు. తిట్టుకి కాదు, ఆ పిలుపుకి.

"ఇంకా ఉంది" అన్నారు మెల్లిగా. "లేవకు, కూర్చునే విను. నిన్న రక్తపరీక్ష ఫలితం వచ్చింది. మనం అనుకునే మామూలు రకం కాదు. మెడల్లరీ."

ఆ మాట సుహాసినికి చాలు. మీకు మాత్రం కాస్త చెప్పాలి. థైరాయిడ్‌లో వచ్చే క్యాన్సర్లలో చాలావాటికి మందుంది, ఆపరేషన్ చేసి అయోడిన్ మందిస్తే మనిషి నిండు నూరేళ్లూ బతకొచ్చు. ఈ మెడల్లరీ అనేది అరుదు. ఆ అయోడిన్ మందుకి లొంగదు. తొందరగా కోసి తీసెయ్యాలి, అదొక్కటే దారి. ఒక్కోసారి ఇది వంశంలో పాకుతుంది.

"అక్కకీ నాకూ ఇద్దరికీ వచ్చిందంటే" అన్నారాయన, "ఇది రక్తంలోనే ఉందని అర్థం. జన్యుపరీక్ష చేయిస్తే గానీ తేలదనుకో. కానీ నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇలాంటిదైతే కన్నబిడ్డకి రావడానికి సగానికి సగం అవకాశం. మురళికి లేకపోతే మనీషకి భయం లేదు. మురళికి ఉంటే..."

వాక్యం పూర్తి చెయ్యలేదు. అవసరమూ లేదు. సుహాసిని చెవుల్లో ఒక గొంతు వినపడుతోంది. జీరబోయి సగం మాటలు మింగేస్తున్న గొంతు. సుహా, భోజనానికి వస్తావా, రావా?

"మురళి గొంతు..." అంది.

"నేనూ విన్నాను. ఇవాళ పొద్దున టిఫిన్ దగ్గర వాడు నన్ను చట్నీ అందించమన్నాడు. ఏం అడిగాడో అర్థంకాక రెండుసార్లు చెప్పించుకున్నాను." రామచంద్రరావు గారి కంట్లో ఇన్నాళ్లకి నీళ్లు తిరిగాయి. "నా ఒక్కడి సంగతయితే రజతోత్సవం అయ్యేదాకా దాచేవాణ్ణి. వాడి గొంతు విన్నాక దాచలేకపోయాను. పొద్దుట్నుంచీ నీతో చెబుదామని మూడుసార్లు వచ్చి నోరు పెగలక వెనక్కి పోయాను. మొగిలయ్య రాకపోవడం నా అదృష్టం. నోటితో చెప్పలేనిది నీ వేళ్లకి చెప్పాను."

తలుపు తట్టి పవన్‌కుమార్ లోపలికి తొంగి చూశాడు. "సార్, బ్యానర్ బాగా వచ్చింది కదూ?" అన్నాడు ఉత్సాహంగా. ఇద్దరి మొహాలూ చూసి అతని నవ్వు సగంలో ఆగిపోయింది.

సుహాసిని లేచి నిలబడింది. "పవన్ గారూ, సార్ మెడ చూడండి. కుడివైపు. నేనిందాక అందరి ముందూ అబద్ధం చెప్పాను." మామగారు వారించబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఇంక పేరు లేని కేసులు చాలు మామయ్యా. పేరు డాక్టర్ రామచంద్రరావు. ఊరు అశోక్‌నగర్. పవన్ గారూ, రేపే ఆపరేషన్ సంగతి చూడండి."

స్కూటీ తాళం తీసుకుని మెట్లు దిగిపోయింది. చెప్పులు వేసుకుందో లేదో కూడా చూసుకోలేదు.

*

చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ ఎంత దూరం! రోజూ ఇట్టే వచ్చేస్తుంది. ఆ పూట ఎంతకీ తెమల్లేదు. మెట్రో స్తంభాల పక్కన ఆటోలు, కూరగాయల బండ్లు, లైబ్రరీ నుంచి పుస్తకాలు గుండెకి హత్తుకుని టిఫిన్ సెంటర్లకి పోతున్న పిల్లలు. "జర చూస్కొని నడుపక్కా, గంత తొందరేంది?" అని ఎవరో కేకేశారు. అశోక్‌నగర్ చౌరస్తాలో కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీల మధ్య మురళి కూడా ఉన్నాడు, 'చరిత్ర అంటే మురళీకృష్ణ సార్' అన్న అక్షరాల పైన, చేతులు కట్టుకుని. రోజూ చూసి నవ్వుకునే ఫ్లెక్సీయే. ఇవాళ బండాపి ఆ బొమ్మలో మెడ వెతికింది. కాలర్ అడ్డంగా ఉంది.

ఊరందరి మెడలూ పట్టి చూసే తను, పక్కన పడుకునే మనిషి మెడ మీద ఒక్కసారి డాక్టర్‌లా చెయ్యి వేసిన పాపాన పోలేదు. ఉప్పునీళ్లట! తన వైద్యం తలుచుకుంటే తనకే అసహ్యం వేసింది.

ఇంట్లో అడుగు పెట్టేసరికి మురళి, మనీష అన్నాలు ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆమె వచ్చాక తిందామని ఆగారు. మనీష ఏడో తరగతి, నోరు ఊరుకోదు.

"వచ్చావా తల్లీ! నాన్న మాటలు నాకు అర్థం కావట్లేదు, సైగలు చేస్తున్నాడు."

"ఏంటి సుహా, ఆ మొహమేంటి?" అన్నాడు మురళి అదే బొంగురు గొంతుతో.

సుహాసిని చేతులు కడుక్కుంది. గ్లాసులో నీళ్లు పోసి అతని చేతికిచ్చి వెనక్కి వెళ్లి నిలబడింది.

"ఒక గుక్క నోట్లో పట్టు. నేను చెప్పాక మింగు."

"ఇదేం గోల, ఆకలేస్తుంటే..."

"పట్టు మురళీ!"

ఆ కేకకి వంటింట్లో అత్తగారు సుబ్బలక్ష్మి గారి చేతిలోని గరిటె చప్పుడు ఆగింది. మురళి నీళ్లు నోట్లో పట్టాడు. ఆమె రెండు చేతులూ అతని మెడ చుట్టూ ముందుకి వచ్చాయి. ఇందాకటిలా వణకడం లేదు. భయం ఎక్కువైతే ఒక్కోసారి చేతులు నిలకడగానే ఉంటాయి.

"మింగు."

మింగాడు.

"ఎడమవైపు మెత్తగా, సమంగా ఉంది" అంది అలవాటుగా. "కుడివైపు..."

ఆగిపోయింది.

"కుడివైపు ఏంటమ్మా?" అంది మనీష. "చేతికి తగిలింది పైకి చెప్పాలి కదా? తాతయ్య చెప్తాడుగా, లోపల దాచుకోకూడదని."

సుహాసిని వేళ్లు కుడివైపు నుంచి కదల్లేదు. మనీష ఒక క్షణం చూసి, ఇదేదో ఆట అనుకుంది కాబోలు, కుర్చీ బరబరా లాక్కుని తండ్రి పక్కకి జరిగింది. గ్లాసులో మిగిలిన నీళ్లు ఒక గుక్క నోట్లో పట్టి, బుగ్గలు ఉబ్బించుకుని, తర్వాత నా వంతు అన్నట్టు తల్లి వైపు గడ్డం పైకెత్తింది.